ఇనప తుక్కుకి మోసపోని మెటల్ డిటెక్టర్ ఎలా ఎంచుకోవాలి: వైజాగ్ ఇసుక నేర్పిన పాఠాలు

వినాయక నిమజ్జనం అయిన వారానికి వైజాగ్ బీచ్‌లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఒక్క పది నిమిషాలు నడిచి చూడండి. యంత్రం నోరు మూయదు. విగ్రహాల లోపల కట్టిన బైండింగ్ వైరు, చెక్క ఫ్రేముల మేకులు, తుప్పు పట్టిన చువ్వ ముక్కలు, వాటి మధ్యలో బీరు మూతలు. మొదటిసారి కొన్న యంత్రంతో నేను అలాగే ఒక ఆదివారం తెల్లారకుండా వెళ్లి రెండు గంటల్లో నలభై ఒక్క గొయ్యి తవ్వాను. కోపంతో లెక్కపెట్టాను లెండి. దొరికింది ఒకే ఒక్క ఐదు రూపాయల బిళ్ల.

అమ్మినతను "ఇనుము వస్తే అసలు కుయ్యిమనదు సార్, డిస్క్రిమినేషన్ ఉంది" అన్నాడు. మేకులకి నిజంగానే కుయ్యిమనలేదు. మూతలకి మాత్రం బంగారం దొరికినట్టు పాడింది. ఇంకా ఘోరం ఏంటంటే, కుయ్యిమనకుండా ఎన్ని మంచి వస్తువుల మీదుగా నన్ను నడిపించేసిందో నాకు తర్వాత గానీ తెలియలేదు. ఆ రెండో సంగతి చాలామంది కొనేముందు ఆలోచించరు. అందుకే ముందే చెప్పేస్తున్నాను: ఇనుము వచ్చినప్పుడు నోరు మూసుకునే యంత్రం వద్దు, "ఇది ఇనుమండీ" అని వేరే గొంతుతో చెప్పే యంత్రం కావాలి. తవ్వాలో వద్దో మీరు తేల్చుకుంటారు.

ముందు అది ఇనుముని ఎలా పసిగడుతుందో తెలుసుకోండి

ఈ కాస్త సైన్సు దాటేసి కొంటే డబ్బులు వృథా. కింద పళ్లెంలా ఉండే కాయిల్‌లో రెండు తీగ చుట్టలు ఉంటాయి. ఒకటి సెకనుకి కొన్ని వేల సార్లు దిక్కు మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న సుడి కరెంట్లు పుట్టి, అవి తమ సొంత క్షేత్రాన్ని పైకి పంపుతాయి. రెండో చుట్ట దాన్ని వింటుంది. యంత్రానికి రంగు తెలియదు, ధర తెలియదు. ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందనేదే దానికి తెలిసేది. మందపాటి వెండి బిళ్ల బాగా ఆలస్యం చేస్తుంది, పల్చటి రేకు చాలా తక్కువ ఆలస్యం చేస్తుంది. ఇనుము దారి వేరు, అది అయస్కాంత క్షేత్రాన్నే తనలోకి లాక్కుంటుంది కాబట్టి దాని జవాబు మిగతా లోహాలకి ఎదురు వైపు నుంచి వస్తుంది. మేకుని గుర్తుపట్టడం అందుకే సులువు. ఆ జవాబుని యంత్రం స్క్రీన్ మీద ఒక నంబరుగా చూపిస్తుంది, అందులో కింది నంబర్లు, కొన్ని యంత్రాల్లో మైనస్ నంబర్లు, ఇనుముకి కేటాయించినవే.

మరి బీరు మూత కూడా ఇనుమే కదా, దానికెందుకు పాడుతుంది? దాని ఆకారం వల్ల. మూత పల్చగా, గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది, సుడి కరెంట్లు తిరగడానికి మైదానం దొరికినట్టు. ఆ జవాబు బలంగా వచ్చి ఇనుము జవాబుని కప్పేస్తుంది. వాషర్లు, ఇనప రింగులు, బీచ్‌లో తిప్పే గుర్రాల నాడాలు కూడా ఇదే బాపతు, నాడా అయితే వెండి నంబరు చూపించి మరీ ఆశపెడుతుంది. కాబట్టి ఏ యంత్రానికైనా మేకు పరీక్ష కాదు, మూత పరీక్ష పెట్టాలి. మేకులో ఎవరైనా పాసవుతారు.

మన నాణేలే ఇనుము, ఇది మర్చిపోవద్దు

విదేశాల వాళ్లు తీసిన వీడియోలు చూసి "ఇనుము నంబర్లన్నీ ఆఫ్ చేసేయండి, హాయిగా ఉంటుంది" అన్న సలహా పట్టుకొస్తారు మనవాళ్లు. అది వాళ్ల నాణేలకి సరిపోవచ్చు. మన రూపాయి బిళ్ల 1992 నుంచి అయస్కాంతానికి అంటుకునే స్టీలు. రెండు రూపాయలు 2005 నుంచి అంతే. మధ్యలో 2007 ప్రాంతంలో వచ్చిన ఐదు రూపాయల బిళ్లలు కొన్ని కూడా స్టీలే. నమ్మకపోతే ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ ఒకటి తీసుకుని మీ చిల్లర డబ్బాలో ముంచి చూడండి, గుత్తిలా వేలాడతాయి. డిటెక్టర్‌కి అవి ఒకసారి ఇనుములా గుర్రుమంటాయి, ఇంకోసారి గుండ్రటి ఆకారం వల్ల ఎగిరి పై నంబరు చూపిస్తాయి. ఇనుము మొత్తం మూసేస్తే సగం చిల్లర మీకు లేనట్టే.

చిల్లర పోతే పోయింది, నాకు ఉంగరాలు కావాలి, పాత నాణేలు కావాలి అంటే అది వేరే లెక్క. ఇప్పటి పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ల నికెల్ ఇత్తడి, పది రూపాయల బిళ్ల బయటి రింగు అల్యూమినియం కంచు, 1991 వరకూ వచ్చిన అప్పటి రూపాయి రాగి నికెల్ కలిపినది. ఇవి ఇనుము కాదు, శుభ్రంగా పలుకుతాయి. ఏం వెతకాలో ముందు తేల్చుకోండి, యంత్రం తర్వాత.

బంగారం వెతికేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. సన్నటి బంగారు ఉంగరం, మందుల స్ట్రిప్పు రేకు, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగు, ఈ మూడూ దాదాపు ఒకే నంబర్ల మధ్య పడతాయి. ఇనుముని వేరు చెయ్యొచ్చు గానీ అల్యూమినియంని బంగారం నుంచి వేరు చేసే యంత్రం ఇంతవరకూ లేదు. ఉందని ఎవరైనా అమ్మితే నమస్కారం పెట్టి వచ్చేయండి. పల్చటి గొలుసులైతే ఇంకా కష్టం, యంత్రం గొలుసుని గొలుసులా చూడదు, ఒక్కో లింకుని విడివిడిగా చూస్తుంది. సముద్రంలో గొలుసు పోయిందని ఫోన్ చేసేవాళ్లకి నేను ముందే చెప్పేస్తాను, లాకెట్టు ఉంటే ఆశ పెట్టుకోండి, లేకపోతే దేవుడి దయ.

మీ ఇసుకకి అయస్కాంతం పెట్టి చూడండి

పాత స్పీకరు అయస్కాంతం ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి భీమిలి ఇసుకలో ఒక బారెడు దూరం ఈడ్చండి. నల్లటి మీసాల్లా పొడి అంటుకుని వస్తుంది. తూర్పు కనుమల రాళ్లు అరిగి వాగుల్లో కొట్టుకొచ్చిన బరువు ఖనిజాలు అవి: ఇల్మనైట్, మాగ్నటైట్, గార్నెట్. బీచ్‌లో అక్కడక్కడా ఎర్రగా, నల్లగా చారలు కనిపిస్తాయే, అవే. ఇందులో మాగ్నటైట్ పక్కా అయస్కాంత ఖనిజం, అంటే మీరు నిలబడ్డ ఇసుకే సగం ఇనుము లాగా మాట్లాడుతుంది.

దీని వల్ల రెండు నష్టాలు. యంత్రం లోతు తగ్గిపోతుంది. అంతకంటే ముఖ్యం, కాస్త లోతులో ఉన్న మంచి నాణెం జవాబు ఈ నల్ల ఇసుక జవాబుతో కలిసిపోయి ఇనుము నంబరుకి జారిపోతుంది. మీరు ఇనుముని మూసేసి ఉంటే అది కూడా మూగబోయినట్టే.

తడి ఇసుక దగ్గరికి వస్తే ఉప్పునీరు తోడవుతుంది. ఉప్పునీరు కరెంటుని మోస్తుంది కాబట్టి పల్చటి రేకు లాగా పలుకుతుంది. నల్ల ఇసుకకి సరిచేస్తే ఉప్పు అరుస్తుంది, ఉప్పుకి సరిచేస్తే నల్ల ఇసుక అరుస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రం ఈ రెండింటినీ ఒకేసారి సర్దలేక అలల అంచున పిచ్చెక్కినట్టు కూస్తూ ఉంటుంది. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపే మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రాలు ఆ జవాబులని ఒకదానితో ఒకటి పోల్చి రెండింటినీ చాలావరకు తీసేయగలవు. మీరు మధురవాడలో సొంత స్థలంలోనో, ఊళ్లో పొలం గట్టు మీదో తిప్పాలనుకుంటే సింగిల్ ఫ్రీక్వెన్సీ చాలు. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడ అంటే మాత్రం మల్టీకి వెళ్లండి, ఇక్కడ పిసినారితనం చేస్తే రెండు సార్లు కొంటారు. నేను రెండు సార్లు కొన్నాను.

పల్స్ ఇండక్షన్ అని ఇంకో రకం ఉంది. ఉప్పుని, నల్ల ఇసుకని పెద్దగా లెక్కచేయదు, లోతుగా వెళ్తుంది. వినడానికి మన బీచ్ కోసమే పుట్టినట్టుంటుంది. కానీ ఇనుముని వేరు చేసే తెలివి దానికి దాదాపు లేదు, ప్రతి మేకూ తవ్వాల్సిందే. నడుం మీద మమకారం లేనివాళ్లకి అది.

యంత్రంలో ఏమేం ఉండాలి

ఇనుముకి వేరే గొంతు, అంటే ఐరన్ ఆడియో, తప్పనిసరి. ఇనుము వస్తే లోగొంతుతో గుర్రుమనాలి, ఆ గుర్రు వాల్యూమ్ మీరు తగ్గించుకోగలగాలి, పూర్తిగా మూయకుండా. ఇది లేని యంత్రం ఎంత చవకైనా నేను ముట్టుకోను.

రికవరీ స్పీడ్. ఒక వస్తువు పలికాక యంత్రం తేరుకుని పక్క వస్తువుని వినడానికి పట్టే సమయం. నిదానం యంత్రం మేకు దగ్గర నోరు మూసుకుని, తేరుకునేలోపు పక్కనే ఉన్న ఉంగరాన్ని దాటేస్తుంది. తుక్కు ఎక్కువున్న చోట ఇది లోతు కంటే ముఖ్యం. ఈ సెట్టింగ్ మార్చుకోగలిగే యంత్రం దొరికితే మంచిది. వేగం పెంచితే లోతు కాస్త తగ్గుతుంది, ఫరవాలేదు.

ఐరన్ బయాస్ లేదా ఐరన్ ఫిల్టర్ అని ఒకటి ఉంటుంది. అనుమానం వచ్చినప్పుడు ఇనుము వైపు మొగ్గాలా, మంచి లోహం వైపు మొగ్గాలా అని యంత్రానికి చెప్పే మీట అనుకోండి. ఎక్కువ పెడితే మూతలు చాలావరకు గుర్రుమంటాయి, కానీ మేకు పక్కనున్న నాణెం కూడా గుర్రులోకి పోతుంది. తక్కువ పెడితే మూతలన్నీ మళ్లీ పాడతాయి. బీచ్‌లో జనం కూర్చుని తాగే చోట కాస్త పెంచుతాను, పడవలు లాగే చోట తగ్గిస్తాను. అక్కడ మేకులెక్కువ, మూతలు తక్కువ.

కాయిల్ విషయంలో అమ్మేవాళ్లు పెద్దది అంటగడతారు. పెద్ద కాయిల్ కింద ఒకేసారి ఐదు తుక్కు ముక్కలు పడితే అది ఏం చెబుతుంది పాపం? తుక్కులో ఆరు అంగుళాల చిన్న కాయిల్ చేసే పని పదకొండు అంగుళాలది చేయలేదు. డబుల్ డి కాయిల్ అంటే లోపల రెండు ఇంగ్లీషు డి అక్షరాలు వీపు వీపు ఆనించినట్టు ఉంటుంది, నల్ల ఇసుకలో అదే నయం, పక్కపక్కనున్న వస్తువులని విడదీయడంలోనూ అదే. పాతరకం కాన్సెంట్రిక్ కాయిల్ రేకులని, మూతలని ఇంకాస్త బాగా పసిగడుతుంది గానీ మన ఇసుకలో దానికి ఊపిరాడదు.

గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల ఇచ్చే జవాబుని లెక్కలోంచి తీసేసే సర్దుబాటు, ఉండాలి. హెడ్‌ఫోన్స్ ఉండాలి, అలల హోరులో గుర్రు వినపడదు. మిగతావి అలంకారాలు.

పేర్లు అడుగుతారు కాబట్టి

అలల అంచున తిరగడానికి మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ వరస, నోక్టా లెజెండ్, ఎక్స్‌పీ డియస్ 2 మల్టీ ఫ్రీక్వెన్సీవి, ఇనుము విషయంలో మీరు చెప్పినట్టు వినేవి. లెజెండ్ 3 మీటర్ల లోతు నీళ్ల వరకు, ఈక్వినాక్స్ 900 ఐతే 5 మీటర్ల వరకు తట్టుకుంటాయి. బడ్జెట్ తక్కువైతే మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్, అదీ మల్టీనే, అందులో 540కి ఐరన్ బయాస్ మార్చుకునే వీలుంది. కాకపోతే ఈ 540కి కాయిల్ మాత్రమే తడవాలి, పైన డబ్బా తడిస్తే అంతే సంగతులు. మన సముద్రంలో ఒక్క అల చాలు.

పొడి నేలకి గారెట్ ఏటీ ప్రో ఇప్పటికీ గట్టిదే. 15 కిలోహెర్ట్జ్ సింగిల్ ఫ్రీక్వెన్సీ, ఐరన్ ఆడియో ఉంది, ఎక్కడిదాకా ఇనుముగా లెక్కపెట్టాలనే గీతని నలభై మెట్లలో జరుపుకోవచ్చు. గారెట్ ఏస్ 400 కూడా ఐరన్ ఆడియోతో వస్తుంది, అది నేర్చుకునేవాళ్లకి సరిపోతుంది.

ఇక "పది మీటర్ల లోతులో బంగారం చూపిస్తుంది", "అర కిలోమీటరు దూరం నుంచి దిక్కు చూపిస్తుంది" అంటూ యాంటెన్నా పుల్లలతో అమ్మే సామాన్లు. గుప్త నిధుల పిచ్చి ఉన్నవాళ్ల దగ్గర ఇవి లక్షలకి అమ్ముడుపోతాయి. లోపల ఏమీ ఉండదు. ఇలాంటి ఖాళీ డబ్బాలనే బాంబు డిటెక్టర్లని ఇరాక్‌కి అమ్మిన బ్రిటన్ వ్యాపారికి 2013లో పదేళ్ల జైలు పడింది. మంచి యంత్రానికి నాణెం అంత వస్తువు ఒక జానెడు లోతులో దొరికితే అది బాగా పనిచేస్తున్నట్టే.

కొనేముందు మీ సంచీ మీరు తీసుకెళ్లండి

నా సంచీలో ఉండేవి: తుప్పు పట్టిన మేకులు నాలుగు, బీరు మూతలు రెండు (ఒకటి చదునుది, ఒకటి మడత పడింది), గాలం ఒకటి, వలకి కట్టే సీసం గుండు, మందుల రేకు, రూపాయి స్టీలు బిళ్ల, పసుపు ఐదు రూపాయల బిళ్ల, వెండి మెట్టె, మా ఆవిడ దగ్గర బతిమాలి తెచ్చిన బంగారు ఉంగరం. మేకులు కొత్తవి పెట్టకండి, తుప్పు పట్టినవే కావాలి, ఇసుకలో ఉండేవి అవే.

దుకాణం లోపల పరీక్ష చేయకండి. మనవన్నీ కాంక్రీటు స్లాబులు, నేల నిండా ఇనప చువ్వలే. అపార్టుమెంటు హాల్లో యంత్రం ఆన్ చేసి "ఇది పాడైపోయింది" అని తిరిగి పంపించేసినవాళ్లు నాకు తెలుసు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో బుల్లెట్ ఎక్కడుందో వెతకడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ అంతటివాడు తన యంత్రం తీసుకెళ్తే, పరుపు లోపలి స్టీలు స్ప్రింగులు అడ్డొచ్చి ఏమీ తేలలేదు. కాబట్టి మట్టి నేల మీదకి రండి, ప్లాస్టిక్ స్టూలు వేసుకోండి, చేతి గడియారం తీసేయండి, కాలికి స్టీలు ముక్కున్న బూట్లు వద్దు.

ముందు ఒక్కొక్కటి విడిగా కాయిల్ ముందు ఊపి, ఏ నంబరు, ఏ గొంతు అని రాసుకోండి. మూతకి, ఐదు రూపాయల బిళ్లకి మధ్య తేడా వినపడుతుందో లేదో గమనించండి. తర్వాత అసలు పరీక్ష: అడుగు వెడల్పు ప్లైవుడ్ ముక్క మీద నాలుగు మేకులు అడ్డదిడ్డంగా పరిచి టేపు వేయండి, వాటి మధ్యలో ఐదు రూపాయల బిళ్ల పెట్టండి, ఒక్కో మేకుకి రెండు వేళ్ల దూరంలో. నాలుగు దిక్కుల నుంచీ కాయిల్ ఊపండి. మంచి యంత్రం గుర్రు గుర్రుల మధ్య కనీసం రెండు దిక్కుల నుంచి బిళ్లని "టింగ్" మని చెబుతుంది. నా మొదటి యంత్రం ఏ దిక్కు నుంచీ చెప్పలేదు, పూర్తి నిశ్శబ్దం, నిద్రపోతున్న పాపాయిలా. ఇప్పుడు బిళ్ల తీసేసి ఉంగరం పెట్టి మళ్లీ ఊపండి. తర్వాత ఐరన్ బయాస్ పెంచి, తగ్గించి. ఇరవై నిమిషాలు పడుతుంది, అమ్మేవాడి మొహం మాడుతుంది, మాడనివ్వండి.

ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువు చూసుకుని, ఆ గడువులోపే ఇదంతా చేసేయండి. పార్సిల్ వచ్చాక ముహూర్తం కోసం వారం ఆపి తర్వాత తీస్తే లాభం లేదు.

ఇసుకలో వినడం

మా తోడల్లుడు గారు రుషికొండలో పిల్లలతో వాలీబాల్ ఆడుతూ నవరత్నాల ఉంగరం పోగొట్టుకున్నారు. కొత్త యంత్రం వచ్చి అప్పటికి నెల. సాయంత్రం వెళ్లాం, వెలుగు ఇంకో గంట ఉంది. ఆయన చూపించిన చోట ఇనుము పూర్తిగా మూసేసి రెండు సార్లు నిలువునా అడ్డంగా తుడిచేశాను, రెండు మూతలు తప్ప ఏమీ లేదు. చుట్టూ పిల్లలు, "ఏం వెతుకుతున్నారంకుల్, బాంబా?" ఆయన "పోన్లెండి అన్నయ్యగారూ, పీడ పోయిందనుకుందాం" అంటున్నారు గానీ మొహం అలా లేదు. మూడోసారి ఇనుము తెరిచాను. ఒక చోట గుర్రు, లావుగా, పెద్ద వస్తువులా. దాటబోయాను. కాయిల్ ఎడమ నుంచి కుడికి వెళ్తే గుర్రే, కుడి నుంచి ఎడమకి వచ్చేటప్పుడు మాత్రం గుర్రు చివర చిన్న టిక్కు. తిరిగి పక్కకి నిలబడి ఊపాను, టిక్కు పోయింది. మళ్లీ మొదటి చోటికి వస్తే వచ్చింది. తవ్వితే ముందు బయటపడింది పడవ మేకు, నాలుగంగుళాలది, తుప్పుతో ఇసుక గడ్డకట్టి వంకాయంత అయ్యింది. దానికి మూడు వేళ్ల పక్కన ఉంగరం. పుష్యరాగం ఒకటి రాలిపోయింది తప్ప మిగతావి ఉన్నాయి.

కాబట్టి ఇలా వినండి. ఏదైనా పలికితే వెంటనే తవ్వకండి, తొంభై డిగ్రీలు తిరిగి పక్క నుంచి ఊపండి. పక్కన ఇనుము లేకపోతే నాణెం, ఉంగరం అన్ని దిక్కుల నుంచీ ఒకేలా పలుకుతాయి, నంబరు రెండు మూడు అంకెలకి మించి కదలదు. మేకు ఒక దిక్కు నుంచి పాడి, ఇంకో దిక్కు నుంచి గుర్రుమంటుంది.

మూత అనుమానం వస్తే కాయిల్‌ని చిన్నగా ఊపుతూ వెనక్కి, మీ కాళ్ల వైపు, లాక్కోండి. వస్తువు కాయిల్ ముక్కు చివరికి జారే సమయానికి మూత గొంతు పగిలి గుర్రుమంటుంది, నంబరు కిందకి పడుతుంది. నాణెం చివరిదాకా అదే గొంతుతో పలికి ఠక్కున ఆగిపోతుంది. ఇది చేతికి రావడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇప్పుడు పది మూతల్లో ఏడో ఎనిమిదో తవ్వకుండానే వదిలేస్తున్నాను.

పిన్‌పాయింట్ బటన్ నొక్కితే చూపించే మధ్యస్థానం, మామూలుగా ఊపినప్పుడు టింగుమన్న స్థానం వేరువేరుగా ఉంటే అది ఎక్కువసార్లు పొడుగాటి ఇనుమే.

పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటు బాగా వెనక్కి వెళ్తుంది, అప్పుడు తడి ఇసుక ఎక్కువ దొరుకుతుంది. తుఫాను తర్వాత కోత పడి పై ఇసుక కొట్టుకుపోయినప్పుడు ఇంకా మంచిది, కింది పొర బయటపడుతుంది, ఇనుము కూడా బయటపడుతుంది అనుకోండి. ఆర్కే బీచ్‌లో పోర్టు వాళ్లు తవ్విన ఇసుక తెచ్చి పోస్తుంటారు, అలా పోసిన వెంటనే వెళ్లి లాభం లేదు. కార్తీక పౌర్ణమి, శివరాత్రి మర్నాటి స్నానాల తర్వాత వెళ్లండి. సబ్‌మెరైన్ మ్యూజియం పక్కన మాత్రం తిప్పకండి, అంత ఇనుము ముందు ఏ యంత్రమైనా దండం పెట్టేస్తుంది.

ఎక్కడ తిప్పకూడదు

తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, ఈ బౌద్ధ స్థలాలకి యంత్రం కారు డిక్కీలో ఉన్నా తీసుకెళ్లకండి. రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. ఎర్రమట్టి దిబ్బలు కూడా అంతే, పైగా ఆ ఎర్రమట్టి నిండా ఐరన్ ఆక్సైడే, యంత్రానికీ సుఖం ఉండదు. నేవీ హద్దుల దగ్గర అసలు కనిపించకండి. భూమిలో దాచిన పాతది ఏదైనా పది రూపాయల విలువ దాటితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. పది రూపాయలు అనేది అప్పటి లెక్క, చట్టం మాత్రం ఇప్పటిదే. పోగొట్టుకున్నవాళ్లు ఎవరో తెలిసే ఉంగరమైతే వాళ్లకిచ్చేయండి, అది చెప్పక్కర్లేదు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. ఆ నెలల్లో రాత్రి తవ్వకాలు మానేయండి.

తవ్విన గొయ్యి పూడ్చండి, తీసిన తుక్కు మళ్లీ అక్కడే పారేయకండి, నడుముకి ఒక సంచీ కట్టుకోండి. లేకపోతే వచ్చే ఆదివారం అదే మూత మీ చేత మళ్లీ తవ్విస్తుంది. నేను ఏడాది పాటు పోగేసిన మేకులు, మూతలు, గాలాలు రెండు బస్తాలు అయ్యాయి. మా వీధిలోకి వచ్చే పాత సామాన్ల బండి అతన్ని పిలిచి తూకం వేయమంటే ఒక గుప్పెడు తీసి వేళ్లతో నలిపి చూసి, "ఇది ఇనుము కాదండీ బాబూ, అంతా తుప్పే, ఊరికే ఇచ్చినా వద్దు" అని బండి తోసుకుని వెళ్లిపోయాడు. బస్తాలు ఇంకా మెట్ల కిందే ఉన్నాయి.